చదివేవాళ్లకు ఏమివ్వాలి?



అల్లసాని పెద్దన గారి పేరు మీద ఒక చాటుపద్యం ప్రచారంలో ఉంది. పాతకాలపు తెలుగు మాస్టార్ల దగ్గర చదువుకున్న చాలామందికి అది నోటికి వచ్చు. ఊరికే కూర్చోబెట్టి కావ్యం రాయమంటే ఎలా కుదురుతుందయ్యా, నాకు ఫలానా ఫలానావి అమరాలి అని కవి అందులో ఏకరువు పెడతాడు. ఎవరూ వచ్చి కదిలించని చోటు కావాలట. కర్పూర తాంబూలం కావాలి, అది ఎవరి చేతి మీదుగా రావాలో కూడా చెబుతాడు. మనసుకు నచ్చిన భోజనం, ఊగడానికి ఉయ్యాల మంచం, తప్పొప్పులు తెలిసిన రసికులు, తన ఊహను పట్టుకోగల లేఖకులు, పాఠకులు. ఇవన్నీ ఉంటే తప్ప గంటం కదలదని తేల్చేస్తాడు.

రాసేవాడి జాబితా అంత వివరంగా ఉంది. చదివేవాడికి ఏం కావాలో మాత్రం మన కవులెవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. ఈ పూట ఆ జాబితా మనం వేసుకుందాం. సందర్భం కూడా ఉంది. డిసెంబరు వచ్చిందంటే హైదరాబాదులో పుస్తక ప్రదర్శన. అది ముగిసీ ముగియకముందే, జనవరి మొదట్లో, విజయవాడ పుస్తక మహోత్సవం. మధ్యలో కొత్త సంవత్సరం, ఆ వెనక సంక్రాంతి, ఆ తర్వాత మాఘమాసపు పెళ్లిళ్లు. ప్రతి బంధువర్గంలోనూ పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. బాబాయి కావచ్చు, అత్తగారు కావచ్చు, ఇంజనీరింగు చదువుతూ నవలలు దాచుకుని చదివే మేనకోడలు కావచ్చు. వాళ్లకి ఏదైనా ఇవ్వాలనుకుంటాం. ఏమివ్వాలో తోచదు.

బజారుకు వెళితే వస్తువులకు కొదవ లేదు. పుస్తకాల పురుగు అని ఇంగ్లిషులో అచ్చేసిన కాఫీ కప్పులు, అలాంటివే రాసిన చొక్కాలు, దిండు గలీబులు, తాళంచెవులకు తగిలించుకునే బుల్లి పుస్తకాలు. పాత పుస్తకాల వాసన వస్తుందని చెప్పి అమ్మే కొవ్వొత్తులు కూడా వచ్చాయి. నిజమైన పాత పుస్తకాలు ఇంటినిండా ఉన్నవాడికి ఆ కొవ్వొత్తి దేనికో నాకు అర్థం కాదు. పైగా పుస్తకాల పక్కన మంట ఒకటి!

ఇలాంటివి చూసినప్పుడు నేను ఒక కొలత పెట్టుకుంటాను. ఈ వస్తువు పుస్తకం తెరిచి ఉన్నప్పుడు పనికొస్తుందా, మూసి ఉన్నప్పుడు పనికొస్తుందా? కప్పు, చొక్కా, తాళంచెవుల గొలుసు, ఇవన్నీ మూసి ఉన్నప్పటి సరుకు. నేను చదువుతాను సుమండీ అని నలుగురికీ చెప్పడానికి పనికొస్తాయి. చదవడానికి పనికిరావు. కాదనను, అందులోనూ ఒక ముచ్చట ఉంది. కానీ డబ్బు పెట్టి, మనసు పెట్టి ఇస్తున్నప్పుడు తెరిచిన పుస్తకానికి ఉపయోగపడేది ఇస్తే బాగుంటుందని నా పక్షపాతం.

అందులో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది దీపం.

మన ఇళ్లలో వెలుతురు చదువు కోసం పెట్టింది కాదు. గది మధ్యనో గోడ మీద పైనో ఒక ట్యూబులైటు ఉంటుంది. అది గదికంతటికీ సమానంగా పంచుతుంది. మనం మంచం మీద కూర్చుని పుస్తకం తెరవగానే మన తల నీడే పేజీ మీద పడుతుంది. ఇరవై ఏళ్ల వయసులో ఇది పెద్ద ఇబ్బందిగా తోచదు. నలభై దాటాక చత్వారం వస్తుంది, కళ్లజోడు పెట్టుకుంటాం, సమస్య తీరిందనుకుంటాం. అద్దాలు చూపును సరిచేస్తాయి గానీ వెలుతురును పెంచవు. వయసుతో పాటు కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్లవాడి కంటి వెనక తెరకు చేరే వెలుతురులో సుమారు మూడో వంతే అరవై ఏళ్లవాళ్లకు చేరుతుందని కంటి శాస్త్రం చెబుతుంది. తాతగారు సాయంత్రమయ్యేసరికి పుస్తకం పక్కన పెట్టేస్తున్నారంటే ఆసక్తి తగ్గిందని అనుకుంటాం. చాలాసార్లు తగ్గింది ఆసక్తి కాదు, వెలుతురు.

దీనికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. మెడ వంచి ఎటు కావాలంటే అటు తిప్పుకోగల టేబుల్ దీపం ఒకటి, అందులో ఐదో ఏడో వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు. కిటుకంతా దీపాన్ని దగ్గరికి తేవడంలో ఉంది. దూరాన్ని సగం చేస్తే పేజీ మీద పడే వెలుతురు దాదాపు నాలుగు రెట్లవుతుంది. బల్బు పెట్టె మీద కెల్విన్ అని ఒక అంకె ఉంటుంది, చూడండి. 3000కి అటూ ఇటూ ఉంటే కాస్త పసుపు కలిసిన మెత్తని వెలుగు వస్తుంది, పడుకోబోయే ముందు చదివేవాళ్లకు అది హాయి. 6500 అని ఉంటే తెల్లగా, కొంచెం నీలంగా, ఆఫీసు వెలుతురులా ఉంటుంది. దీపం కళ్లల్లోకి కొట్టకుండా భుజం వెనక నుంచి, పక్క నుంచి పేజీ మీద పడాలి. పక్కన ఇంకొకరు పడుకునే ఇంట్లో అయితే అట్టకు క్లిప్పుతో తగిలించుకునే చిన్న దీపాలున్నాయి, చార్జింగుతో నడుస్తాయి. వాటితో సంసారంలో శాంతి కూడా దక్కుతుంది.

దీపాల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. ఆటలు తగ్గిపోయాక ఆ చేతులే మేక తోలును పలచగా చేసి, రంగులద్ది, దీపాల మీద వేసే షేడ్లు చేస్తున్నాయి. వెలిగిస్తే రాముడూ హనుమంతుడూ గోడ మీద ఎర్రగా పచ్చగా మెరుస్తారు. కానుకగా ఇవ్వడానికి ఎంతో బాగుంటాయి, కొనండి, ఆ కళ బతకాలి. దాని పక్కన కూర్చుని చదవమని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఆ వెలుతురు హనుమంతుణ్ణి చూడటానికి సరిపోతుంది గానీ అక్షరం చూడటానికి సరిపోదు.

వెలుతురుకు తోబుట్టువు భూతద్దం. తెలుగు అక్షరానికి ఇది మరీ అవసరం. మన లిపిలో ద, ధ రెండింటికీ తేడా అడుగున ఒక చిన్న గీత. ప, వ, ష అన్నీ ఒకే ఇంటి పిల్లలు. అక్షరం కింద ఒత్తు ఉంటుంది, ఆ ఒత్తు మరీ చిన్నదిగా ఉంటుంది. పాత వావిళ్ల ప్రతుల్లో పద్యం కింద టీకలు, పాఠాంతరాలు చూశారా? కుర్రకళ్లకే పరీక్ష. గుండ్రటి భూతద్దం పట్టుకుని చదివితే చెయ్యి నొప్పెడుతుంది, వణుకుతుంది. రూళ్లకర్ర ఆకారంలో పొడుగ్గా ఉండి పేజీ మీద పడుకోబెట్టే భూతద్దాలు దొరుకుతాయి. ఒక పంక్తి చదివి కిందికి జరుపుకుంటూ పోవడమే. పెద్దవాళ్లకు శాలువా కప్పే బదులు ఇది ఇచ్చి చూడండి. శాలువాలు వాళ్ల బీరువాలో ఇప్పటికే చాలా ఉంటాయి.

ఇక వ్యాసపీఠం. నా దృష్టిలో చదివేవాళ్ల కోసం మన ఇళ్లలో ఉన్న వస్తువుల్లో దీన్ని మించింది లేదు. ఒకే చెక్కను మధ్యలో చీల్చి, రెండు సగాలూ ఒకదానిలోంచి ఒకటి దూరి కత్తెరలా తెరుచుకునేట్టు చెక్కుతారు. మేకు ఉండదు, బందు ఉండదు. మూస్తే పలక, తెరిస్తే పీట. రామాయణమో భాగవతమో పారాయణ చేసేవాళ్ల ఇళ్లలో పూజగదిలో కనిపిస్తుంది. ముస్లిముల ఇళ్లలో ఖురాను పెట్టి చదివే రెహల్ కూడా ఇదే నిర్మాణం. పవిత్ర గ్రంథం నేలను తాకకూడదన్న భక్తి దాన్ని తయారుచేయించింది కానీ, దాని వల్ల ఒళ్లు కూడా సుఖపడింది. పుస్తకం తెరిచిన చోట తెరిచినట్టు ఉంటుంది. కట్టు మరీ విచ్చుకోదు కాబట్టి వెన్ను విరగదు. చేతులు ఖాళీగా ఉంటాయి, జపమాల తిప్పుకోవచ్చు, కాఫీ తాగవచ్చు.

దాన్ని పూజగదిలోంచి బయటికి తేవడానికి మనం ఎందుకో మొహమాటపడతాం. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటం ఒకటి ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు కూర్చోండి, తెలుస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం వారు వేసిన భారత భాగవతాల సంపుటాలు కూడా ఏం తక్కువ బరువు కాదు. మన పుస్తకాలు ఎక్కువగా డెమ్మీ సైజులో, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదున్నర అంగుళాల పొడవులో వస్తాయి. నవలకు అది చేతికి సరిపోయే కొలత. కానీ సమగ్ర సాహిత్యాలు, సంపూర్ణ రచనలు అంటూ వెయ్యేసి పేజీల గట్టి అట్ట సంపుటాలు వస్తున్న కాలమిది. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు, శస్త్రచికిత్స అయి మంచం మీద ఉన్నవాళ్లు వాటిని ఎత్తి పట్టుకుని చదవలేరు. నేల మీద బాసింపట్టు వేసి కూర్చోలేని వాళ్లకు పాత వ్యాసపీఠం కుదరకపోతే, బల్ల మీద పెట్టుకుని వాలు మార్చుకునే ఇనుప స్టాండ్లు, వెదురు స్టాండ్లు ఉన్నాయి. పేజీ తిరిగిపోకుండా కింద రెండు కొక్కేలుంటాయి. కొనేముందు ఒక్కటి చూడాలి, ఆ కొక్కేలు మందపు పుస్తకాన్ని కూడా పట్టుకుంటాయా లేదా అన్నది. చాలావాటికి రెండంగుళాల మందం దాటితే చేతకాదు.

పేజీ గుర్తుల గురించి ఎక్కువసేపు చెప్పను. ఇత్తడివి, వెండివి, రాళ్లు పొదిగినవి అమ్ముతారు. అందంగా ఉంటాయి, కాగితం మీద అచ్చు పడేస్తాయి. ఇనుప క్లిప్పయితే ఒక్క వానాకాలానికి తుప్పు మరక. చదివేవాడు చేతికందింది పెట్టేస్తాడు, బస్సు టిక్కెట్టు, శుభలేఖ ముక్క, కరెంటు బిల్లు. చిన్నప్పుడు నెమలీక పెట్టి, అది పిల్లల్ని పెడుతుందని పెన్సిలు చెక్కిన పొట్టు మేతగా వేసినవాళ్లు వింటున్నవాళ్లలో బోలెడుమంది ఉంటారు. ఇవ్వాలనే ఉంటే పలచటి గుడ్డదో మందపాటి కాగితానిదో ఇవ్వండి. పెడన కలంకారీ ముక్కలతో చేసినవి చక్కగా ఉంటాయి. అదే కలంకారీ గుడ్డతో పుస్తకానికి తొడుగు కుట్టించి ఇస్తే ఇంకా పనికొస్తుంది. బస్సులో ఏం చదువుతున్నామో పక్కవాడికి తెలియదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయానికి వస్తాను. బైండింగు.

వెనకటి తరంలో ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక వారపత్రికలు, యువ, జ్యోతి మాసపత్రికలు ఇంటికి వచ్చేవి. వాటిలో సీరియలు నడిచేది. సీరియలు అయిపోయాక ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, బైండరు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు. కొనని నవల ఒకటి ఇంట్లో తయారయ్యేది. ఆ బైండు పుస్తకాలకొక ప్రత్యేకత ఉంది. నవల పుస్తకంగా వచ్చినప్పుడు సాధారణంగా బొమ్మలు పోతాయి. వీటిలో బాపు బొమ్మలు వారం వారం ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి. కథ మధ్యలో సబ్బు ప్రకటన, తలనొప్పి మాత్రల ప్రకటన, పేజీ వెనక వేరేవాళ్ల కథ చివరి ముక్క. ఆ చివరి ముక్కలు చదివి మొదలు ఏమై ఉంటుందో ఊహించుకున్న పిల్లలు తర్వాత కథకులయ్యారేమో కూడా. 1947 జూలైలో మొదలైన చందమామ సంచికల్ని ఏడాదికొకటిగా బైండు చేయించి దాచుకున్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అవి ఆస్తి కింద లెక్క.

ఆ బైండు పుస్తకాలు ఇప్పుడు యాభై అరవై ఏళ్లవి. దారాలు తెగాయి, అట్టలు ఊడాయి, బీరువాలో గుడ్డముక్కతో కట్టి ఉన్నాయి. మీ ఇంట్లో చదివే మనిషికి అలాంటి పుస్తకం ఒకటి కచ్చితంగా ఉంటుంది. దాన్ని, వాళ్లని అడిగి మరీ తీసుకెళ్లి, కొత్తగా కట్టించి ఇవ్వండి. దీనికి సాటి వచ్చే కానుక దుకాణంలో దొరకదు. అడిగి అన్న మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే కొంతమందికి ఆ చిరిగిన అట్టే ప్రాణం, మార్చడం ఇష్టముండదు.

బైండరుతో నాలుగు మాటలు ముందే మాట్లాడుకోవాలి. పుస్తకం ఫారాలుగా, అంటే పదహారేసి పేజీల మడతలుగా ఉంటే, విప్పి దారంతో కుట్టమనాలి. ఇప్పటి పుస్తకాల్లో చాలావాటికి కుట్టు ఉండదు, వెన్ను కోసి జిగురు పూస్తారు, పర్ఫెక్ట్ బైండింగ్ అని దాని పేరు. పేరులో తప్ప పర్ఫెక్షను లేదు. నాలుగుసార్లు గట్టిగా తెరిస్తే పేజీలు చేతికొస్తాయి. రెండోది, అంచులు మరీ కోయొద్దని చెప్పాలి. పాత పుస్తకాల మార్జిన్లలో ఎవరో పెన్సిలుతో రాసుకున్న మాటలుంటాయి, నున్నగా కోయాలన్న సరదాలో అవి పోతాయి. మూడోది, పాత అట్ట పారేయకుండా కొత్త క్యాలికో అట్ట లోపల అంటించమనండి. ఇక జిగురు. మైదా జిగురు పురుగుకు విందు భోజనం. అందుకే పాత బైండర్లు అందులో మైలుతుత్తం కలిపేవాళ్లు. ఒక్క పని మాత్రం ఎవరూ చేయవద్దు, చిరిగిన పేజీకి సెల్లో టేపు అంటించడం. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు గోధుమరంగు మరకగా కాగితంలోనే ఉండిపోతుంది.

పురుగుల సంగతి మన పూర్వులకు మనకన్నా బాగా తెలుసు. తాటాకుల మీద గంటంతో రాసి, మసి పూసి తుడిచి, నిమ్మగడ్డి నూనె రాసి, రెండు చెక్కల మధ్య బిగించి, తాడు చుట్టి, గుడ్డలో కట్టేవాళ్లు. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తమిళ, సంస్కృత, మరాఠీ గ్రంథాలతో పాటు తెలుగు తాళపత్రాలు కూడా దండిగా ఉన్నాయి, నాయకరాజుల కొలువులో తెలుగు వెలిగిన చోటు కదా. అక్కడ వస, లవంగం, దాల్చినచెక్క, మిరియాలు, కర్పూరం లాంటివి పొడి కొట్టి, గుడ్డ మూటలు కట్టి గ్రంథాల దగ్గర పెట్టే పద్ధతి ఉంది. చంటిపిల్లలకు అరగదీసి నాకించే ఆ వస కొమ్మే గ్రంథాలకూ కాపలా కాసింది. ఇలాంటి మూటలు నాలుగు చేసి, చేనేత గుడ్డలో అందంగా కట్టి ఇస్తే, నూరు రూపాయల్లో అయ్యే కానుక. కలరా ఉండలు వేయవచ్చు కానీ ఆ వాసన చదివేవాడికి కూడా పడదు. వేపాకు వేసేవాళ్లు బాగా ఎండబెట్టి వేయాలి, పచ్చిది వేస్తే తేమ చేరి బూజు పడుతుంది. అన్నిటికన్నా మేలైన మందు, పుస్తకాన్ని అప్పుడప్పుడూ తీసి చదవడం. తీయని పుస్తకంలోనే పురుగు కాపురం పెడుతుంది.

ఇంతసేపూ పుస్తకం చుట్టూ తిరుగుతున్నాను, పుస్తకమే ఇవ్వొచ్చు కదా అని మీరు అనుకుంటూ ఉంటారు. ఇవ్వొచ్చు. కానీ బాగా చదివేవాళ్లకు పుస్తకం ఇవ్వడం కష్టం. మనం ఇచ్చేది వాళ్ల దగ్గర అప్పటికే ఉంటుంది, లేదా వద్దనుకుని వదిలేసిన పుస్తకమై ఉంటుంది. పైగా కానుకగా వచ్చిన పుస్తకం చదవాలన్న మొహమాటం ఒకటి. చదివారా అని మనం రెండు నెలలకోసారి అడుగుతాం. అది కానుక కాదు, హోంవర్కు.

ఐస్‌లాండులో దీనికొక మంచి ఏర్పాటు ఉంది. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఒకరికొకరు పుస్తకాలు ఇచ్చుకోవడం అక్కడి ఆచారం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దిగుమతుల మీద కట్టడులున్నా కాగితం దొరికేది. అలా పుస్తకమే అందరికీ అందే కానుకైంది. అక్కడి ప్రచురణకర్తలు 1944 నుంచి ఏటా కొత్త పుస్తకాల జాబితా ఒకటి అచ్చేస్తున్నారు, ఒకప్పుడు అది ప్రతి ఇంటికీ ఉచితంగా చేరేది. చదివేవాళ్లు దాన్ని ముందేసుకుని కావలసినవాటికి గుర్తు పెట్టుకుంటారు. ఇచ్చేవాళ్లకు వెతుకులాట తప్పుతుంది.

మనకు అలాంటి జాబితా లేకపోయినా పుస్తక ప్రదర్శన ఉంది. చదివే మనిషిని అక్కడికి తీసుకెళ్లండి. జేబులో ఇంత డబ్బు పెట్టి, ఇది నీది, ఏం కొంటావో నీ ఇష్టం, నేను బయట మిరపకాయ బజ్జీలు తింటూ ఉంటాను అనండి. వెంట తిరగకండి. ఇదెందుకు, అదెందుకు అని అడగకండి. బరువు మోయడానికి మాత్రం చివర్లో వెళ్లండి. గట్టి చేనేత సంచి ఒకటి మీరే తీసుకెళితే అది కూడా కానుకలో భాగమే. పెళ్లికి వెళ్లినప్పుడు కవరులో నూటపదహార్లో వెయ్యినూటపదహార్లో పెట్టడం మన అలవాటు. చదివే జంటకు ఆ కవరు మీద పుస్తకాలకు మాత్రమే అని రాసి ఇస్తే ఎవరూ ఏమీ అనుకోరు. హైదరాబాదులో ఆదివారం పూట ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద, విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు వెతకడానికి తోడు వెళ్లడం కూడా కానుకే. అక్కడ గంటలు గడిచినా విసుక్కోకూడదు, అదొక్కటే షరతు.

ఆ పాత పుస్తకాల్లో నాకు ముందుగా కన్ను పడేది మొదటి పేజీ మీద. ఎవరో ఎవరికో ఇస్తూ రాసిన మాటలు. పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భమో ఒక్క ముక్క. కాబట్టి పుస్తకం ఇస్తే తప్పకుండా రాసి ఇవ్వండి. అట్ట లోపలి వైపు నున్నటి కాగితం మీద సిరా ఆరదు, అంటుకుంటుంది. పేరు మాత్రమే ఉండే తొలి పేజీ మీద రాయండి. అభినందనలతో అని ఊరుకోకండి. ఈ పుస్తకం నీకే ఎందుకు ఇస్తున్నానో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయడానికి తోచలేదంటే ఎంచుకున్న పుస్తకం తప్పన్నమాట.

దూరాన ఉన్నవాళ్లకు పంపాలంటే, మన తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని ఒక సేవ మొదలుపెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. చదువుకు, సమాజానికి, సంస్కృతికి, మతానికి సంబంధించిన అచ్చు పుస్తకాలకు వర్తిస్తుంది. వాణిజ్య ప్రచురణలకూ పత్రికలకూ వర్తించదు. మీ పుస్తకం ఏ కోవలోకి వస్తుందో కౌంటరులో అడిగి పంపండి. పుస్తకానికి ముందు ప్లాస్టిక్ కవరు, ఆపైన రెండువైపులా పుస్తకం కన్నా కాస్త పెద్దవిగా కోసిన అట్టముక్కలు, ఆపైన కాగితం. మూలలు నలగకుండా కాపాడేది ఆ పెద్ద అట్టముక్కలే.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న అమ్మానాన్నలకు, పిల్లలకు పుస్తకాల బరువు విమానంలో భారం. వాళ్లకు ఎలక్ట్రానిక్ పరికరం ఇద్దామనుకుంటారు. ఇంగ్లిషు చదువుకు ఆరంగుళాల రీడరు హాయిగా ఉంటుంది. తెలుగుకు కాస్త ఆలోచించాలి. ఇంటర్నెట్టులో దొరికే పాత తెలుగు పుస్తకాల్లో చాలావరకు పేజీల ఫొటోలే. అక్షరం పెంచితే పేజీ పక్కకి పారిపోతుంది, ప్రతి పంక్తికీ అటూ ఇటూ జరపాలి. పదంగుళాల టాబ్లెట్టు అయితే పేజీ మొత్తం అసలు కొలతకు దగ్గరగా కనిపిస్తుంది. చూపు బాగా తగ్గినవాళ్లకు చెవి ఉంది. దాసుభాషితం లాంటి తెలుగు శ్రవణ పుస్తకాల యాప్‌లు ఉన్నాయి. ఒక ఏడాది చందా కట్టి, ఫోనులో పెట్టి, ఎక్కడ నొక్కాలో నేర్పించి రావాలి. నేర్పించడం మరిచిపోతే చందా వృథా.

మన ఇళ్లలో ఇంకొక పాఠకురాలుంది, ఆవిడకు దీపమూ స్టాండూ ఇచ్చినా సరిపోదు. యద్దనపూడి సులోచనారాణి, రంగనాయకమ్మ, మాలతీ చందూర్ గార్ల నవలల్ని నిలబెట్టింది అద్దె పుస్తకాల షాపుల నుంచి తెప్పించుకుని చదివిన ఆడవాళ్లు. రోజుకింత అని అద్దె. కాబట్టి రేపు తిరిగిచ్చేలోగా పూర్తిచేయాలి. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో నవల. పులుసు మాడితే మాట పడేది ఆవిడే. ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆవిడ చదువుకునే సమయం అంటే అందరి పనులూ అయ్యాక మిగిలింది, ఆ మిగిలిందాంట్లో నిద్ర వస్తుంది. ఆవిడకు ఇవ్వాల్సింది వారానికొక పూట. ఆ పూట వంట మీది, పాలవాడు వస్తే తీసేది మీరు, పిల్లవాడి హోంవర్కు మీది, కుక్కరు ఎన్ని కూతలకు దింపాలో ఆవిణ్ణి అడగకుండా తెలుసుకోవడం కూడా మీ పనే. తలుపు దగ్గరికి వేసి ఆవిడ చదువుకుంటున్నంతసేపూ అలమరలో పసుపు డబ్బా ఎక్కడుందని గుమ్మంలోకి రాకూడదు. ఖర్చు లేని కానుక అని తేలికగా తీసుకోవద్దు. మనం చెప్పుకున్నవాటిలో ఇవ్వడానికి అన్నిటికన్నా కష్టమైంది ఇదే, పుట్టినరోజుకు ఒకసారి ఇచ్చి ఊరుకునేది కాదు కాబట్టి.

చివరిగా ఒక చిన్న వస్తువు. ధర ముప్పయి నలభై రూపాయలు. గట్టి అట్ట ఉన్న రూళ్ల పుస్తకం ఒకటి కొనండి. పేజీకి నాలుగు గళ్లు గీయండి. పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, తీసుకెళ్లిన తేదీ, తిరిగొచ్చిన తేదీ. ఒక దారంతో పెన్సిలు కట్టండి. పుస్తకాలున్న ప్రతి ఇంట్లోనూ అరువు వెళ్లి తిరిగిరాని పుస్తకాల జాబితా ఒకటి మనసులో ఉంటుంది. అడగలేక నలిగిపోతుంటారు. ఇది బల్ల మీద కనబడుతూ ఉంటే తీసుకునేవాళ్లే రాసి వెళతారు, అడగాల్సిన మొహమాటం పుస్తకమే మోస్తుంది. ఇచ్చేముందు ఒక్క పని చేయండి. వాళ్ల దగ్గర మీరు తీసుకుని ఇంకా ఇవ్వని పుస్తకాలేమైనా ఉంటే మొదటి పేజీలో అవి మీరే రాసి, ఆ పుస్తకాలతో సహా పట్టుకెళ్లి ఇవ్వండి. నాలుగో గడి వాళ్ల చేత నింపించుకోండి.